నల్లకోటు పక్కన చున్నీ

ఒక్క ఫోటోతో రెండు ఇళ్లను, ఒక కాలనీని, నా పరువును కలిపి ముంచిన సంగతి చెబుతాను. నాకైతే ఇది చెప్పీ చెప్పీ అలుపొచ్చింది. అయినా చాయ్ దగ్గర నలుగురు చేరితే చాలు, "ఆ చున్నీ ముచ్చట చెప్పన్నా" అంటారు. నేను మళ్లీ మొదటి నుంచి నా చెంపలు నేనే వాయించుకోవాలి.

గోదావరిఖనిలో నాది ఫోటో స్టూడియో. గనికి పోయే దారిలో ఉంది కాబట్టి మూడు షిఫ్టుల వాళ్లూ నా అద్దాల షోకేసు ముందు నుంచే పోవాలి. లోపల తెల్లగోడ, ఒక స్టూలు, పళ్లు ఊడిన దువ్వెన, మేకుకు ఒక నల్లకోటు. ఈ ఊళ్లో పాస్‌పోర్టు ఫోటో దిగిన మగవాళ్లలో సగం మంది ఆ కోటులోనే ఉంటారు. సన్నటివాళ్లకు వెనక క్లిప్పులు పెడతాను, లావుటివాళ్లకు బొత్తాలు పెట్టకుండా వదిలేస్తాను. ఇరవై ఏళ్లు ఇదే పని చేసీ చేసీ నాకొక జబ్బు పట్టుకుంది. ఏ కాగితమైనా పైన రెండు లైన్లు చూసి మొత్తం తెలిసిపోయిందనుకునే జబ్బు. దానికి ఏ దవాఖానలోనూ మందు లేదు.

రెండేళ్ల కిందటి మాట. పోశం, యాకూబ్ అని నాకు ఇద్దరు స్నేహితులు. ఇద్దరిదీ ఒకే గని, ఒకే షిఫ్టు, డ్యూటీకి పోయేది ఒకే బండి మీద. పోశం బిడ్డ స్వప్న, యాకూబ్ బిడ్డ రషీదా ఇంటర్ కలిసి చదివి, డాక్టరు చదువుకు కలిసే తజికిస్తాన్ పోతామన్నారు. స్వప్నకు అడ్డు చెప్పేవాళ్లు లేరు. రషీదా మాత్రం చిన్నప్పటి నుంచి తలకు చున్నీ చుట్టుకుని గడ్డం కింద పిన్ను పెట్టుకుంటుంది. పేపర్లలో హిజాబ్ అని రాస్తారే, అదే. పరాయి దేశంలో ఎవరైనా దాన్ని తీయమంటే ఒంటరి పిల్ల ఏం చేస్తుందని యాకూబ్ భయం. ఆ ఒక్క భయం తీరితే పంపుతానన్నాడు.

ఆ భయం తీర్చే బాధ్యతను, ఎవరూ ఇవ్వకుండానే, నేను నెత్తిన వేసుకున్నాను.

"యాకూబ్ భాయ్, అది మొత్తం ముస్లింల దేశమే. అక్కడ చున్నీ లేకుంటెనే అడుగుతరు. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

మీరు అడగకముందే చెబుతున్నాను, నేను అప్పటికి హైదరాబాదు దాటి ఎటూ పోలేదు. అక్కడికి పోయింది కూడా లెన్సు రిపేరుకు. అయినా యాకూబ్ నా మాట నమ్మాడు. పాపం, మంచివాడు.

విదేశీ చదువులకు పంపే కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన కాగితం పట్టుకుని ఇద్దరు పిల్లలూ ఫోటోలకు వచ్చారు. కాగితంలో కొలతలు చూశాను, వెనక తెల్లరంగు ఉండాలన్నది చూశాను, మడిచి జేబులో పెట్టుకున్నాను. రషీదా ఫోటో నిమిషంలో అయిపోయింది. స్వప్న స్టూలు మీద కూర్చోగానే నాలోని పండితుడు నిద్ర లేచాడు.

"నువ్వు గూడ నెత్తికి చున్నీ కట్టుకో బిడ్డా."

"నాకెందుకు కాకా?"

"ముస్లిం దేశం కద. రూలు."

రషీదా మెల్లగా అడిగింది. "అంకుల్, గట్లని కాయితంల ఉన్నదా?"

"కాయితం నేను చదివిన తల్లీ" అన్నాను, జేబు మీద తట్టి చూపిస్తూ.

ఆ పిల్ల నల్లకోటు పక్క మేకుకు తగిలించిన తన బ్యాగులోంచి ఇంకో చున్నీ తీసి స్వప్నకు కట్టింది. స్వప్నకు ఒకటే నవ్వు. ఆ నవ్వులో పిన్ను రెండుసార్లు గుచ్చుకుంది. ఫోటో మాత్రం ఎంత బాగా వచ్చిందంటే, నేను ఆగలేక దాన్ని పెద్దది చేసి షోకేసులో పెట్టాను. కింద "విదేశీ రూల్సు ప్రకారం ఫోటోలు తీయబడును" అని ఒక అట్ట కూడా రాసి తగిలించాను.

మర్నాడు మొదటి షిఫ్టుకు పోయేవాళ్లంతా ఆ ఫోటో చూశారు. ఓపెన్‌కాస్టు గని దుమ్ముకు మా ఊరి ఆడవాళ్లు సగం మంది బండెక్కితే కళ్లు తప్ప అంతా చున్నీతో చుట్టుకుంటారు. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ షోకేసులోకి ఎక్కిన చున్నీ వేరు కదా. పొద్దున్నే గనిలోకి "పోశం బిడ్డ చున్నీ కట్టింది" అని దిగిన ముచ్చట, అన్నం డబ్బాలు తెరిచే వేళకు "మతం మారింది" అయింది. షిఫ్టు దిగేసరికి పిల్లకు పెళ్లి కూడా చేసేశారు. వరుడు దుబాయిలో ఉంటాడట.

పోశం బొగ్గు మొహంతోనే నేరుగా నా దగ్గరికి వచ్చాడు. షోకేసు వైపు చూశాడు.

"నా బిడ్డ పెండ్లి ఎప్పుడైంది తమ్మీ? నాకు పిలుపే లేదు."

అట్ట, ఫోటో రెండూ తీసేశాను. పోశం నాలుగు రోజుల్లో చల్లబడ్డాడు. స్వప్న నాయనమ్మ మాత్రం ఇప్పటికీ నా స్టూడియో ముందు నుంచి పోదు, పక్క సందులోంచి చుట్టూ తిరిగి పోతుంది. అంతటితో పోయింది కదా అనుకున్నాను.

వారం తర్వాత పిల్లల దరఖాస్తులు రెండూ తిరిగొచ్చాయి. కన్సల్టెన్సీ అతను ఫోన్ చేసి, కాగితం వెనక వైపు చదవలేదా అని అడిగాడు. నిజంగానే కాగితానికి ఒక వెనక వైపు ఉంది. తల మీద ఏమీ ఉండకూడదని లావు అక్షరాలతో ఉంది. ఫోటోలోనే కాదు, క్లాసులో కూడా ఉండకూడదట. ఫోనులో వెతికి చూశాను. దాదాపు అందరూ ముస్లింలే ఉండే ఆ దేశంలో ప్రభుత్వమే, అది తమ సంస్కృతి కాదంటూ, అలాంటి బట్టలు వద్దని చట్టం చేసిందట. 

సాయంత్రం యాకూబ్ బిడ్డను తీసుకుని వచ్చాడు. చేతిలో గని టోపీ ఉంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"శంకరన్నా, నెత్తి మీద ఈ టోపీ లేకుంటె మమ్ముల గనిల దిగనియ్యరు. నా బిడ్డ నెత్తి మీద గుడ్డ ఉంటె క్లాసుల కూసోనియ్యరా? ఆ దేశపోళ్లు గూడ మా తీరు నమాజు చేసేటోళ్లేనాయె."

ఇక్కడైనా నేను నోరు మూసుకోవాలి కదా. మూసుకోలేదు. "ఫోటో సంగతి నాకిడిసిపెట్టు. పిల్ల చున్నీ తియ్యాల్సిన పని లేదు, కంప్యూటర్ల జుట్టు నేను పెడత" అన్నాను.

రషీదా నవ్వింది. పొద్దంతా డ్యూటీ చేసి వచ్చిన మనిషి నవ్వే నవ్వు అది.

"ఫోటోల మీరు పెడతరు అంకుల్. క్లాసుల ఎవలు పెడతరు?" అంది. గడ్డం కింది పిన్ను సర్దుకుని మళ్లీ అంది. "ఒక దేశంల కట్టుకోకుంటె పట్టుకపోతరట. ఇంకో దేశంల కట్టుకుంటె రానియ్యరట. మీరేమో స్వప్నకు వద్దన్నా కట్టిపిచ్చిన్రు. అందరు ఫైసలా చేసేటోళ్లే. నెత్తి ఎవలిదో వాళ్లను ఒక్కలన్న అడిగిన్రా?"

నాకు సిగ్గేసింది. ఇప్పుడు చెబుతున్నా సిగ్గేస్తోంది.

రషీదా తజికిస్తాన్ పోలేదు. పొమ్మని గానీ వద్దని గానీ యాకూబ్ అనలేదు, ఆ పిల్లే తేల్చుకుంది. స్వప్న చున్నీ లేకుండా మళ్లీ ఫోటో దిగి, ఒక్కతే ఏడుస్తూ విమానం ఎక్కింది. రషీదా కరీంనగర్‌లో నర్సింగులో చేరింది. చేరేముందు ఫోటోకు నా దగ్గరికే వచ్చింది, అదే నాకు పెద్ద శిక్ష. దరఖాస్తును ముందు వైపు, వెనక వైపు, అడుగున అచ్చేసినవాళ్ల పేరుతో సహా రెండుసార్లు చదివాను.

"నేను చదివిన అంకుల్. ఏం లేదు. తియ్యున్రి" అంది.

చలికాలంలో స్వప్న అక్కడి నుంచి ఒక ఫోటో పంపింది. కనుబొమల దాకా ఉన్ని టోపీ లాక్కుని ఉంది. ఆ చలికి టోపీ లేకుండా వీధిలోకి పోలేమట, దానికి ఎవరి అభ్యంతరమూ లేదట. యాకూబ్‌కు చూపిస్తే, చూసి ఫోను తిరిగి ఇచ్చేసి, తన గని టోపీ నెత్తిన పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

ఆ రోజే నల్లకోటు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ మనిషి నెత్తి మీదా ఆ మనిషిని అడగకుండా ఏదీ పెట్టను, ఏదీ తీయను, ఆడైనా మగైనా, స్వదేశమైనా విదేశమైనా.

ప్రమాణం చేసి చెయ్యి తీసేలోగా పెన్షన్ కాగితాలకు ఫోటో కావాలని ఒక రిటైర్డు కార్మికుడు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మాటంటే మాటే. చేతులు కట్టుకుని అడిగాను.

"కాకా, నెత్తి మీద ఎట్లుండాల్నంటవు?"

ఆయన నున్నటి బట్టతలను ఒకసారి నిమురుకున్నాడు.

"ఇన్నేండ్లల్ల నన్ను అడిగినోనివి నువ్వొక్కనివే బిడ్డా" అన్నాడు.