లెఫ్ట్ కార్నర్

మా చెల్లి డిగ్రీ కాలేజీ కబడ్డీ జట్టులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆడుతుంది. కూతకు వెళ్ళే పిల్లకు జ్వరమొస్తే తను వెళుతుంది. పోయిన ఏడు మధ్యన కవర్‌లో నిలబడే ఇద్దరు కాఫీ కోతలకని ఊళ్ళకు పోతే వాళ్ళలో ఒకరి చోట నిలబడింది. తనకు కావలసింది మాత్రం లెఫ్ట్ కార్నర్, వరుసలో ఎడమ చివరి మూల.

కాలేజీకి దగ్గరని నా ఇంట్లోనే ఉంటోంది. నా పాపకు పళ్ళొస్తున్నాయి, నాకూ చెల్లికీ సరైన నిద్ర లేదు. ఆ సాయంత్రం చెల్లి మోకాళ్ళ మట్టి కూడా కడుక్కోకుండా గడపలో కూలబడింది.

"మళ్ళీ నా చోటు మార్చీసినారక్కా."

"ఎక్కడైతేనేం, ఆడిస్తున్నారు కదే."

"నీకేటి తెలుసు?" అని నా చెయ్యి పట్టుకుంది. "కార్నర్‌లో ఉన్నోళ్ళు పక్కదాని సెయ్యట్టుకుని ఆడాలి. అది లాగితే ఎనక్కి, వదిలితే ముందుకి. మాటుండదు, సెయ్యే సెప్తాది. నాకు రోజుకో సెయ్యి. ఏదీ అలవాటవదు."

ఎన్ని ఆటలు చూశానో, ఆ చేతులు మాత్రం ఎప్పుడూ చూడలేదు. అయినా నా భయం నాది. అన్నిచోట్లా పనికొచ్చే పిల్లను ఎవరూ వదులుకోరు. ఒక్క చోటు కోసం పట్టుబడితే అసలు జట్టులో చోటే పోతుందేమో.

సంతలో వాళ్ళ కాలేజీ ఆటల సార్ కనబడ్డారు. పాపను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంటూ అడిగాను, దానికొక చోటు ఇవ్వకూడదా అని.

"నువ్వూ మొదలెట్టావేటమ్మా? మీ గుంట ఏడు చోట్లా ఆడతాది. దాన్నో మూలన కట్టేస్తే మిగతా చోట్ల ఎవర్ని పెట్టమంటావు, నిన్నా?" అన్నారు. చిక్కుళ్ళు అమ్మే ఆవిడ కూడా నవ్వింది. "విశాఖలో యూనివర్సిటీ జట్టు సెలెక్షన్‌లో అడిగితే ఎక్కడైనా ఆడతాననమను. బేగి తీసుకుంటారు."

ఇంటికొచ్చి అదే చెప్పాను. చెల్లి వినీ విననట్టు అంట్లు తోమింది.

సెలెక్షన్‌కు నేనూ వెళ్ళాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో పాప రెండుసార్లు కక్కింది. మైదానంలో తాడు ఇవతల నిలబడితే అన్నీ వినిపిస్తున్నాయి.

"ఎక్కడ ఆడతావమ్మా?" అన్నారు ఎంపిక చేసే సార్.

"లెఫ్ట్ కార్నర్."

"ఇంకా?"

"అదే సార్."

నిలబెట్టారు. మొదటి కూతకొచ్చిన అమ్మాయిని చీలమండ దగ్గర పట్టి పడేసింది. రెండోసారి పక్కనున్న పిల్ల చెయ్యి ఆలస్యంగా వదిలింది, కూతకొచ్చిన అమ్మాయి తప్పించుకుపోయింది. పక్కనున్న ఆ పిల్లను చెల్లి చూడడం అదే మొదటిసారి. మూడోసారీ అంతే. తీసుకోలేదు.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అన్నాను.

"ఎక్కడైనా అనుంటే తీసుకునేవాళ్ళు."

"తీసుకుని ఏటి సేత్తారు? అక్కడా ఖాళీలో పెడతారు." ఏడవలేదు. "పాపనిటియ్యి, నువ్వు పడుకో."

ఇచ్చి కళ్ళు మూసుకున్నాను. నిద్ర రాలేదు. సార్ ఏమంటారో, అసలు జట్టులో ఉంచుతారో లేదో.

మర్నాడు సాయంత్రం చోడి అంబలి తాగుతూ తనే చెప్పింది.

"సార్ తిట్టినారు."

"ఏమని?"

"మూల మూల అని నా పరువు తీసినావు, పో, ఆ మూలే నీది, అక్కడే సావు, అన్నారు." గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పటినుంచీ పక్కన ఆడే పిల్లతో కలిసి పొద్దున్నే మైదానానికి పోతోంది. సంతోషమే. కానీ వచ్చే నెల నుంచి కాఫీ కోతలు. కవర్‌లో వాళ్ళిద్దరూ ఈసారీ పోతారు, వాళ్ళ చోట్లు మళ్ళీ ఖాళీ.