మేడం, మనోళ్లే

సెల్‌ఫోన్లు అడవి ఊళ్లదాకా రాని రోజులవి. ఖమ్మంలో నేను వెదురు దీపాల షాపు పెట్టిన కొత్తలో, అల్లిక తెలిసిన కోయ ఆడవాళ్లను చూపించింది భద్రాచలం బస్టాండు ఎదుట టీ హోటల్ నడిపే ఆయన. ఆయనది మధిర వైపే అయినా కోయ భాష బాగా వచ్చు. నేనేం ఆర్డరు చెప్పినా కాయిన్ బాక్సు దగ్గరికెళ్లి, వాళ్ల ఊళ్లో ఉన్న ఒక్క ఫోనుకు చేసి, రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఆ భాషలో మాట్లాడేవాడు. మధ్యలో నావైపు చూసి నవ్వేవాడు. ఫోన్ పెట్టేసి, "అయితది మేడం, మనోళ్లే" అనేవాడు.

ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఇంత చేసి ఏమీ అడగని మనిషిని ఎలా నమ్మడం?

ఒకరోజు ఆయనకు చెప్పకుండా జీపెక్కి ఆ ఊరికి వెళ్లాను. ఆడవాళ్లు మంచినీళ్లిచ్చారు, అన్నం పెట్టారు. పని మాటెత్తితే మాత్రం తలలు దించుకున్నారు. ఆయనే వీళ్లను కట్టడి చేశాడనుకున్నాను.

చివరికి వాళ్లలో పెద్దామె అడిగింది: "మీ అన్నతోటి ఏమన్న లొల్లి అయిందా?"

"ఏ అన్న?"

"హోటలాయన. నువ్వు ఆయన చిన్నాయన బిడ్డవంట గద. అందుకే నీ పని ముందుగాల చేస్తున్నం. ఇయ్యాల అన్నకు చెప్పకుండ వచ్చినవ్. మీ ఇంటి లొల్లిల మేమెట్ల దూరుతం?"

మా నాన్నకు అన్నదమ్ములే లేరు.

నిలదీద్దామని తిరిగి హోటల్‌కు వచ్చాను. బొమ్మలు చేయించుకోవడానికి పెనుబల్లి నుంచి వచ్చినతను బల్ల మీద కూర్చుని ఉన్నాడు. హోటలాయన రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని, అతని వైపు చూసి అదే నవ్వు నవ్వాడు.

నాకో తమ్ముడు పుట్టాడని అర్థమైంది.