మూడు విజిళ్లు అని చెప్పాను

2022 వేసవి. పుదుచ్చేరిలో సారం అనే పేట దగ్గర మా మిద్దె మీద ఒక రేకుల షెడ్డు ఉంది. వారానికి ఆరు రోజులు తట్టాంచావడిలో చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పనిచేస్తాను. ఆదివారం మాత్రం ఆ షెడ్డులో కూర్చుని పాత బొమ్మ స్టీమ్ ఇంజన్లు బాగుచేస్తాను. ఇది నాకు జీతం ఇచ్చే పని కాదు. కానీ ముప్పై ఏళ్ల లేత్ పనిలో నేర్చుకోని సంగతి ఒకటి ఈ సరదా పనిలో నేర్చుకున్నాను.

బొమ్మ స్టీమ్ ఇంజన్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. జానెడు పొడవు ఇత్తడి బాయిలర్. దాని కింద స్పిరిట్ దీపం. పక్కన వేలెడంత సిలిండర్, అందులో పిస్టన్, దానికి తగిలించిన చక్రం. నీళ్లు మరిగి ఆవిరి తోస్తే పిస్టన్ కదులుతుంది, చక్రం తిరుగుతుంది. ఆవిరి మరీ ఎక్కువైతే సేఫ్టీ వాల్వ్ బుస్సుమని దాన్ని బయటికి వదులుతుంది. చూడటానికి బొమ్మే అయినా లోపల ఉన్న వేడి, ఒత్తిడి నిజమైనవే.

ఆ ఏడాది ఏప్రిల్‌లో శకుంతలమ్మ అనే ఆవిడ గుడ్డసంచీలో ఒక ఇంజన్ పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. రెండు వీధుల అవతల ఇల్లు. అరవై దాటి ఉంటాయి. ఆమె ఇంటాయన ఆర్. గోవిందరాజులు గారికి ఆర్నెల్ల కింద పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది. మాటల్లో ఒకటి రెండు చిన్నవి మాత్రం మిగిలాయి.

“ఎప్పుడో మిక్సీ కొనుక్కోని రాయ్యా అని పంపిస్తే, ఆదివారం సంతలో దీన్ని కొనుక్కోనొచ్చినాడు తమ్ముడా. మళ్లా మిక్సీ వచ్చేదాకా రోట్లోనే రుబ్బినా,” అంది నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపేసింది. “ఇప్పుడు ఏది చూపించినా మొగం తిప్పుకుంటాడు. టీవీ వద్దు, పేపరు వద్దు. మొన్న బీరువా మీదికి వేలు చూపించినాడు. ఏందా అని చూస్తే ఇది. నేను తిప్పి చూపియ్యాల. నాకు నేర్పిస్తావా?”

మూడు ఆదివారాలు పట్టింది. పాత నూనె గడ్డకట్టి పిస్టన్ పట్టేసింది. సేఫ్టీ వాల్వ్ స్ప్రింగు తుప్పు పట్టి తెగింది. రెండూ సరిచేశాను. ఆమె తీసుకెళ్లడానికి వచ్చిన రోజు షెడ్డులో నా స్నేహితులు ఇద్దరు ఉన్నారు. ఇంజన్ నడిపి చూపించాను. ఎలా నడపాలో ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి చేతికిచ్చాను.

“ఇది నాకేం తెలుస్తాది? నాకు అరవం చదవడమే వచ్చు. నువ్వు నోటితో చెప్పు,” అంది. నీళ్లు ఎంత, స్పిరిట్ ఎంత, నూనె ఎక్కడ అని వరసగా అడిగింది. చివరికి, “సరి, అంతా తెలిసింది. ఎన్ని విజిళ్లకు దించాల?” అంది.

నా స్నేహితులు గట్టిగా నవ్వారు. వాళ్లు నవ్వారు కాబట్టి నాకూ హుషారు వచ్చింది. “పప్పుకెన్నక్కా?” అన్నాను.

“మూడు.”

“దీనికీ మూడే పెట్టుకో.”

ఆమె కూడా నవ్వింది. అర్థమై నవ్వింది అనుకున్నాను. మేము నవ్వుతున్నామని మర్యాదకు నవ్విందని ఇప్పుడు తెలుసు.

అది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఆవిరితో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి అడిగిన ప్రశ్న. కుక్కర్ తనంతట తానే విజిల్ వేస్తుంది. ఈ బొమ్మకున్న విజిల్ చేత్తో పిడి లాగితేనే మోగుతుంది. కాబట్టి నేను చెప్పవలసిన జవాబు ఒక్క ముక్క: “విజిల్ రాదక్కా, చక్రం నెమ్మదించగానే దీపం తీసేయ్.” ఆ ముక్క కాగితంలో ఇంగ్లీషులో ఉంది. నోటితో చెప్పలేదు.

బుధవారం సాయంత్రం పని నుంచి వస్తూ, ఎలా నడుస్తోందో చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. ఆమె కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు ఉంది. కదిర్కామం ఆసుపత్రిలో కట్టించుకుని వచ్చిందట.

“చక్రం బాగానే తిరిగింది తమ్ముడా. ఆయన నవ్వినాడు కూడా. మళ్లా నెమ్మదైపోయింది. విజిల్ ఒకటీ రాలే కదా అని దీపం అట్లే ఉంచినా. నీళ్లు అయిపోయినాయేమో అని మూత తిప్పి కొంచెం పోసినా. బుస్సుమని పైకొచ్చింది.”

ఎండిపోయి కాలిపోతున్న బాయిలర్‌లో నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై పైకి చిమ్ముతాయి. అప్పటికే అడుగున టంకం కరిగి అతుకు విడిపోయింది. నీళ్లు ఉన్నంతసేపే ఆ టంకం గట్టిగా ఉంటుంది.

గోవిందరాజులు గారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మా మాటలు వింటున్నారు. ఆమె నన్ను మెల్లగా అడిగింది. “నువ్వు మూడు విజిళ్లు అని చెప్పినావా, లేకుంటే నేనే తప్పుగా విన్నానా?”

“ఏమో అక్కా, గుర్తులేదు,” అన్నాను.

బాగా గుర్తుంది. కానీ ఆ మాట ఒప్పుకుంటే, నేను బాగుచేసిన ఇంజన్ వల్ల చేయి కాలిందని ఊరంతా అనుకుంటుందని భయం వేసింది.

“అయితే నేనే తప్పుగా వినింటా,” అంది ఆమె. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నేను పాడైన బాయిలర్ సంచిలో వేసుకుని వచ్చేశాను.

తర్వాతి వారం ఆమె ఫోన్ చేసింది. ఇంజన్ గురించి అడగలేదు. “ఆయన నా చేత్తో పెడితే తినడం లే తమ్ముడా. పక్కింటామె పెడితే తింటాడు. దాన్ని చెడగొట్టేసినానని కోపం. ఉండేది ఇద్దరం, ఎన్నాళ్లు ఇట్ల?” అంది. ఆమె కాలిన చేత్తో వండుతోంది, నా అబద్ధం వల్ల ఆ చేత్తో పెడితే ఆయన ముట్టడం లేదు.

మర్నాడు సెలవు పెట్టి మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఆమె అన్నం కలిపి గిన్నె పట్టుకుని ఉంది. ఆయన నోరు బిగించి ఉన్నారు. నేను ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను.

“అన్నా, ఆమె తప్పుగా వినలేదు. మూడు విజిళ్లు అని నేనే చెప్పినా. నా స్నేహితులు నవ్వతావుంటే ఎగతాళికి అన్నా. మొన్న గుర్తులేదన్నది కూడా అబద్ధమే.”

ఆయన నావైపు తిరిగారు. పెదవులు కూడదీసుకుని ఒక మాట అన్నారు.

“పో.”

“ఏందిది, ఇంటికొచ్చినోణ్ణి పొమ్మంటావా?” అంది ఆమె.

“పో,” అన్నారు మళ్లీ, ఎడమచేత్తో వాకిలి చూపిస్తూ.

లేచి వచ్చేశాను. మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆమె గొంతు వినిపించింది. “ఇప్పుడు తెలిసిందా? ఇన్ని రోజులు నన్ను చంపినావు గదా! ఊఁ, నోరు తెరువు... మెల్లగా తిను, మెల్లగా. పొరపోతాది.”

బాయిలర్‌కు వెండి టంకం వేశాను. అది కరగాలంటే మామూలు టంకానికన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. ఆమె షెడ్డుకు వచ్చి తనే దీపం వెలిగించి, తనే ఆర్పి, చేతులు తుడుచుకుని తీసుకెళ్లింది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా నేను నడిపి చూపించను. వాళ్ల చేత నడిపిస్తాను, చేతులు కట్టుకుని చూస్తాను. ఎవరైనా వింత ప్రశ్న వేస్తే, ఏ పనిలో నుంచి ఆ ప్రశ్న వచ్చిందని ముందు అడుగుతాను. పనిముట్టును అర్థం చేసుకున్నంత ఓపికగా మనిషి మాటను అర్థం చేసుకోవడం నాకు ఆలస్యంగా వచ్చింది. దానికి మూల్యం ఇంకొకరి చేయి.

సాయంత్రాలు ఆమె ఇంజన్ నడుపుతోంది, ఆయన చూస్తున్నారు. నన్ను మాత్రం ఆయన మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు. వీధిలో కనబడితే ముఖం తిప్పుకుంటారు. ఆమె నొచ్చుకుని, “మనసులో పెట్టుకోవద్దు తమ్ముడా,” అంటుంది. నాకు బాధ లేదు. ఆ కోపం ఇప్పుడు ఉండాల్సిన చోటే ఉంది.