రెండు దేశాల సోషల్ మాస్టారు

మా సోషల్ మాస్టారు పోయారన్న వార్త మొన్న శుక్రవారం పొద్దున పాత స్టాఫు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. వరసగా దండాల బొమ్మలు పడ్డాయి. వాటి మధ్యలోనే ఒకాయన మైలవరం దగ్గర తన వెంచరులో ప్లాట్ల ఫొటో పెట్టాడు. కాసేపటికి దాని కింద కూడా ఎవరో దండం పెట్టారు. ఏళ్ళ తరబడి మాతో కలిసి అన్నం తిన్న మనిషికి మేం తెలిపిన సంతాపం అది.

మేమిద్దరం వన్ టౌన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేశాం. నేను లెక్కలు, ఆయన సోషల్. స్టాఫ్ రూములో ఆయనకు మేం పెట్టిన పేరు 'రాయబారి గారు'. గౌరవం కాదు, వెక్కిరింపు. ఫిన్లాండ్, ఎస్టోనియా అనే రెండు దేశాలంటే ఆయనకు పిచ్చి. మద్రాసు కూడా సరిగ్గా చూడని మనిషి, ఎక్కడో యూరప్ కొసన సముద్రానికి ఇటొకటి, అటొకటి ఉన్న ఆ రెండింటి మీదా పటంలో గుండుసూదులు గుచ్చుకుని మురిసిపోయేవారు.

తొమ్మిదో తరగతి ఎ సెక్షన్ ఫిన్లాండ్, బి సెక్షన్ ఎస్టోనియా. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఒక్కో సెక్షన్ నుంచి ఒక రాయబారి వెళ్ళి అవతలి క్లాసులో కూర్చోవాలి. ఎవరి జెండా వాళ్ళు గీయడానికి వీల్లేదు. "నీ జెండా నువ్వెలాగూ బాగానే గీస్తావురా. పక్కవాడిది గీయి, చూద్దాం" అనేవారు. రెండు సెక్షన్లకూ కబడ్డీ పెట్టి, గెలిచినవాళ్ళ చేత ఓడినవాళ్ళలో ఒకణ్ణి పేరుపెట్టి పొగిడించేవారు.

"ఇది పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుందండీ?" అని అందరి ముందూ అడిగేవాణ్ణి.

"రాదండీ. అందుకే హాయిగా చెప్తున్నా" అనేవారు. నా ఎగతాళి ఆయనకు తగిలేదే కాదు. అందుకు నాకు ఇంకా మండేది.

ఆ రెండు దేశాల జాతీయ గీతాలకూ బాణీ ఒకటే. మాటలు వేరు. వాళ్ళిద్దరూ ఏదైనా మ్యాచ్ ఆడితే ఒకే బాణీ రెండుసార్లు మోగుతుంది, జనం రెండుసార్లు గౌరవంగా నిలబడతారు. ఎస్టోనియా సోవియట్ల కింద ఉన్న కాలంలో అక్కడ ఆ పాట పాడటానికి లేదు. అవతలి ఒడ్డు నుంచి వచ్చే రేడియోలో ఆ బాణీ వినేవాళ్ళట. ఈ సంగతి చెప్తూ మాస్టారు బోర్డు వైపు తిరిగిపోయేవారు. కళ్ళు తుడుచుకోవడానికని పిల్లలకు కూడా తెలుసు.

ఒక ఏడాది వార్షికోత్సవంలో పిల్లల చేత ఆ గీతాలకు కవాతు చేయించారు. మైకు సెట్టు బాధ్యత నాది. రిహార్సల్లో మూడుసార్లు విన్నాను. మొదటి పాటకు వేదిక మీది పెద్దలంతా లేచారు, కూర్చున్నారు. రెండోది మొదలయ్యేసరికి మా కరస్పాండెంటు గారి ముఖం మాడిపోయింది. వేసిన పాటే మళ్ళీ వేశామనుకుని, ఆపమని నా వైపు చెయ్యి ఊపారు. అది తప్పు కాదని నాకు తెలుసు. అయినా స్విచ్చి కట్టేశాను.

మాస్టారు మైకు దగ్గరికి పరిగెత్తారు. అదీ పనిచేయలేదు. ఉత్త గొంతుతోనే, "అది రెండో దేశానిదండీ, దయచేసి మళ్ళీ లేవండి" అని అరిచారు. ముఖ్య అతిథి లేచారు, లేచి కారెక్కి వెళ్ళిపోయారు. ఆయన అహానికి రెండుసార్లు లేచే ఓపిక లేదు.

మర్నాడు ఆఫీసు రూములో మా ఇద్దర్నీ నిలబెట్టారు. "రెండోది వేరే పాటని మీకు ముందే తెలుసా?" అని కరస్పాండెంటు గారు నన్నడిగారు.

"లేదండీ, నాకేం చెప్పలేదు" అన్నాను.

మాస్టారు ఒక్కసారి నా వైపు చూశారు. "అవునండీ, చెప్పడం మర్చిపోయాను. తప్పు నాదే" అన్నారు. ఆ నెలాఖరుకు ఆయన్ను పంపించేశారు. ఆ తర్వాత ఆయన ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకున్నారు. ఆ వీధిలోకి వెళ్ళాల్సి వస్తే నేను చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి.

ఆదివారం అదే స్కూలు సంతాప సభ పెట్టింది. ఈ మధ్య ఫిన్లాండ్ చదువులంటే అందరికీ మోజు కదా, 'అంతర్జాతీయ దృక్పథం గల గురువు' అని నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఎస్టోనియా జెండా ఉండాల్సిన చోట రష్యా జెండా వేశారు. ఎవరి కింద నలిగారో వాళ్ళదే. దాని కింద నిలబడి కరస్పాండెంటు గారు గద్గద స్వరంతో మాట్లాడారు. ఆయన్ను చూస్తే అసహ్యం వేసింది. అదే వేదిక మీద ఆయన పాత సహోద్యోగినని శాలువా కప్పించుకుని కూర్చున్న నన్ను చూసుకుంటే ఇంకా ఎక్కువ వేసింది.

సభ కాగానే మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య టీ తెచ్చింది.

"అలసిపోయినట్టున్నారు, కూర్చోండి అన్నయ్య గారూ. మీరొస్తారనే అనుకుంటన్నాను అన్నయ్య గారూ. ఆ రోజు కరెంటు పోకపోతే ఈయన ఉద్యోగం పోయేది కాదు కదా."

"కరెంటా?"

"అదేనండీ, వార్షికోత్సవం రోజు. పాట మధ్యలో కరెంటు పోయిందంట కదా. సెట్టు బాగు చేద్దామని మీరెంత తంటాలు పడ్డారో ఎప్పుడూ చెప్పేవోరు. లెక్కల మాస్టారి తప్పేం లేదే అనేవోరు, అన్నయ్య గారూ."

తలూపి, టీ తాగి వచ్చేస్తే సరిపోయేది. స్టాఫ్ రూములో ఇన్నేళ్ళూ బతికిన బతుకు అదే.

"కరెంటు పోలేదమ్మా. నేనే స్విచ్చి కట్టేశాను. తెలిసే కట్టేశాను. తెలీదని చెప్పి ఆయన ఉద్యోగం తీయించాను."

ఆవిడ కప్పు నా వైపు జరిపింది.

"తాగండి, మాస్టారూ" అంది.

అన్నయ్య గారూ అనలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తుంటే, ఆ టీ ఆఖరి గుక్క దాకా తాగాను.