ఉగ్గుగిన్నెలో ఇప్పసారా

ఈ సాయంత్రం మా అత్తయ్య ఎంతో ప్రేమగా బీరువాలోంచి చిన్న బ్రాందీ సీసా తీసి, జలుబుతో ముక్కు బిగుసుకుపోయి ఏడుస్తున్న నా ఏడాదిన్నర కూతురికి తేనెలో రెండు చుక్కలు కలిపి నాకించబోయినప్పుడు, నేను ఆ సీసాను ఆవిడ చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. మా ఆయన్ని పెంచింది కూడా అలాగేనట. పిల్ల జావ తాగి పడుకుంది; నాకే నిద్ర పట్టక, నోటితో చెప్పలేకపోయింది ఇలా రాస్తున్నాను. గనుల ఊళ్ళలో పెరిగిన నా ఈడు వాళ్ళకైతే ఇందులో సగం రాయకుండానే తెలుస్తుంది.

మాది బచేలి, అడవి మధ్య హిందీ వినబడే గనుల ఊరు. నాన్న కొండమీద ఇనుపరాయి తవ్వే చోట షిఫ్టుల్లో పనిచేసేవాడు. అమ్మా, నానమ్మా గోదావరి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు కావడంతో, తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి ఎర్రబడే ఆ ఊరి మీద వాళ్ళకు చాలాకాలం కోపం తగ్గలేదు. మా ఇంట్లో పనిచేసే అక్కది అడవి లోపలి పల్లె కిష్టారం. దొర్ల తెగ పిల్ల, మాతో తెలుగు, బజారులో హిందీ, వాళ్ళ వాళ్ళతో దొర్లీ మాట్లాడేది. కొండచలికి నానమ్మ మోకాళ్ళు పట్టేస్తుంటే చూడలేక, ఒకరోజు ఇప్పపువ్వు సారా సీసా తెచ్చి ఇచ్చింది. అగ్గిపుల్ల చూపిస్తే మండేంత ఘాటు.

"రాసుకోనీకే తెచ్చిన ముసలమ్మా, తాగనీకి కాదు. తాగితివంటే మా రేల పాటలెత్తుకుంటవ్, నేనే నిన్ను ఆడించాలె," అంది. నానమ్మ కోపం నటించి ముసిముసిగా నవ్వుకుంది. సారా వాసన గిట్టని నాన్న కూడా, మందే కదా అని, గూట్లో ఆ సీసాకు చోటిచ్చాడు.

ఆ వానాకాలం నా తమ్ముడికి జ్వరం వచ్చింది. వాడికి రెండేళ్ళు. జ్వరానికి లంఖణాన్ని మించిన మందు లేదని నానమ్మ నమ్మకం, అది మా వంశమంతటి నమ్మకం కూడాను. అందుకే కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప వాడికి మెతుకు పెట్టనివ్వలేదు. వాడు అన్నం గిన్నె చప్పుడు విన్నప్పుడల్లా ఏడ్చేవాడు, అమ్మ చాటుకు వెళ్ళి కళ్ళొత్తుకునేది. రెండో రోజు చీకటి పడేవేళకు దగ్గు కూడా తోడయింది. మా ఊళ్ళో అయితే చెంచాడు బ్రాందీ పట్టేవాళ్ళమని నానమ్మ అంటే, పక్క క్వార్టరు పిన్నిగారు గోడవతల నుంచి, అవును మా పిల్లలకూ పట్టానంది. నాన్న నైట్‌షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో బ్రాందీ ఎక్కడిది? నానమ్మ చూపు గూటి మీద పడింది.

"పువ్వు రసమేగా, అదేం చేస్తుందే?" అంటూ మా ఇద్దరికీ పాలు పట్టిన వెండి ఉగ్గుగిన్నెలోకి వంచింది. ఒకసారి పట్టింది. దగ్గు తగ్గలేదని మళ్ళీ పట్టింది. వాడు ముఖం చిట్లించి, కాసేపటికి హాయిగా పడుకున్నాడు. రెండు రోజులుగా కనబడని నవ్వు అమ్మ ముఖంలో చూశాను.

తెల్లవారి నాన్న వచ్చి, అలవాటుగా తన గడ్డం వాడి చెంపకు రాశాడు. రోజూ కయ్‌మనేవాడు ఉలకలేదు. ఒళ్ళంతా చల్లటి చెమట. ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది, కాళ్ళు కొట్టుకున్నాయి. నాన్న చెప్పులైనా వేసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాడు, వెనకే మేమంతా.

"బచ్చే కో క్యా దియా?" అని డాక్టరమ్మ అడిగింది. పిల్లాడికేం ఇచ్చారని. నానమ్మ ముందుకొచ్చి, "నేనే పోశానమ్మా, ఇప్పసారా. నన్నేమైనా చెయ్యండి, వాణ్ణి మాత్రం లేపండి," అంది. నాన్న ఆ మాట హిందీలో చెప్పాడు.

డాక్టరమ్మ తిడుతుందనుకున్నాం. ఆవిడ మాత్రం వాడు ఎప్పుడు తిన్నాడని అడిగింది. మొన్న అంది అమ్మ. ఆవిడ వాడి వేలి కొసన రక్తపు బొట్టు తీసి చూసి, ఒక్క ఉదుటున సూది గుచ్చి నరంలోకి చక్కెర నీళ్ళు ఎక్కించింది.

తరవాత ఆవిడ చెప్పిన సంగతి ఇన్నేళ్ళయినా మరవలేదు. సారా ఒంట్లో పడితే కాలేయం దాన్ని విరగ్గొట్టే పనిలో మునిగిపోతుందట. ముందు సారా కంటే చెడ్డదైన విషంగా, ఆపైన పుల్లటి ఆమ్లంగా మార్చి, చివరికి ఒంట్లోంచి సాగనంపుతుందట. తిండి లేని వేళ రక్తానికి చక్కెర తయారుచేసి పంపాల్సింది కూడా ఆ కాలేయమే. తిని తాగిన పెద్దవాడికి చక్కెర నిల్వ ఉంటుంది. లంఖణంతో ఉన్న పసివాడికి ఏముంటుంది? మేము నిద్ర అనుకున్నది ఆకలి. వాడి మెదడు ఆకలితో సొమ్మసిల్లుతుంటే, మేము చప్పుడు కాకుండా తలుపు వేశాం. కాలేజీలో ఇదే పాఠం బోర్డు మీద బాణం గుర్తులతో వేసిన రోజున, అందరూ రాసుకుంటుంటే, నేను పుస్తకం మూసేశాను. లంఖణం గోదావరి ఒడ్డుది, సారా ఆ అడవిది. ఏ ఒక్క ఊరివాళ్ళూ చెయ్యని వైద్యం మేము చేశాం.

తమ్ముడు కళ్ళు తెరిచి అన్న మొదటి మాట, "బువ్వ." నాన్న గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాడు. కబురు తెలిసి వచ్చిన దొర్ల అక్క గడప దగ్గరే ఆగిపోయి, "నా సీస కదా అమ్మా..." అంటుంటే, నానమ్మే లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

ఆ తరవాత మా ఇంట్లో జ్వరం వస్తే మొదట పొయ్యి మీద జావ ఎక్కేది. నానమ్మ మాత్రం ప్రతి తెల్లవారుజామునా తమ్ముడి మంచం దగ్గర నిలబడి, వాడు "ఆఁ" అనేదాకా పిలిచేది. మీసాలొచ్చాక కూడా వదల్లేదు. "పలికానుగా నానమ్మా, చావనియ్యవేం!" అని వాడు దుప్పటి ముసుగుపెడితే, ఆ మాటకు రెండు తగిలించి, మళ్ళీ పిలిచేది.

ఇప్పుడు నానమ్మ లేదు. గోడవతల దగ్గు వింటే పలకరించే పిన్నిగార్లూ లేరు, కిటికీలన్నీ మూసే ఉంటున్నాయి. రేపు అత్తయ్య పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపించాలి. ఇందాక పిల్ల మీదికి వంగి పిలిచాను. విసుక్కుంటూ "ఊఁ" అంది. తమ్ముడు ఇప్పుడు ఆ కొండమీదే రాయి మోసే డంపరు నడుపుతున్నాడు. పొద్దుటి షిఫ్టుకు ఎలా లేస్తున్నావురా అని మొన్న ఫోనులో అడిగితే అన్నాడు, "అలారం మోగుతుందక్కా. కానీ నేను పలికానో లేదో అది చూడదు."