‘వెనక బెంచీ’ ఎవరిది?

పత్రిక మూతపడ్డాక ఆవిడకు దొరికిన ఉద్యోగం అది. ఏళ్ళ తరబడి డెస్కులో కూర్చుని ఇతరులు రాసిన వార్తల్లో అబద్ధాలు ఏరిన మనిషి, ఇప్పుడు కాలేజీలో కొత్త మాధ్యమాలు, డిజిటల్ సంస్కృతి అనే కోర్సు చెబుతోంది. “తెరమీద ఎవరు మాట్లాడినా ముందు ఆ గొంతు ఎవరిదో ఆరా తీయండి” అని మొదటిరోజే చెప్పింది. పిల్లలు ‘అనుమానం మేడమ్’ అని పేరు పెట్టారు. ఆ సంగతి చెవిన పడినప్పుడు ఆవిడకు కోపం రాలేదు సరికదా, కాస్త గర్వంగానే అనిపించింది.

కొన్నాళ్ళకు ‘వెనక బెంచీ’ అనే పేజీ ఒకటి బయల్దేరింది. నడిపేదెవరో తెలియదు. ఆవిడ చెప్పిన పాఠాలే పొల్లుపోకుండా అందులో వచ్చేవి, చివర ఒక చురకతో. “నకిలీ ఖాతాను ఎలా పట్టుకోవాలో మేడమ్ గంటసేపు చెప్పారు. ప్రొజెక్టరుకు ప్లగ్గు పెట్టలేదన్నది మాత్రం పట్టుకోలేకపోయారు.” కాలేజీ అంతా చదివి నవ్వుకుంది.

ఆవిడ కన్ను ‘గుసగుస’ మీద పడింది. పక్కవాళ్ళకు తప్ప గొంతు వినబడని అమ్మాయిని క్లాసులో అందరూ అలాగే పిలిచేవారు. ఎప్పుడు చూసినా ఏదో టైపు చేస్తూ ఉండేది. మేడమ్ దగ్గరికొస్తే ఫోన్ బోర్లించేది. ఇంకేం కావాలి? ఒకరోజు స్టాఫ్‌రూమ్‌కి పిలిచింది.

“ఫోన్ చూపించు.”

“చూపించను మేడమ్.”

“తప్పు చేయకపోతే భయమెందుకు?”

“ఫోన్ ఇంకొకరి చేతికివ్వడమంటే ఇంటి తాళంచెవి ఇవ్వడమేనని మీరే చెప్పారు కదండీ.”

తన మాటే తనకు తగిలేసరికి ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా హెడ్డుగారి దగ్గరికెళ్ళి ఫిర్యాదు చేసింది. ఆయన వెనకాముందూ చూడకుండా, సంగతి తేలేదాకా గుసగుసను క్లాసుకు రావద్దన్నాడు.

ఆ సాయంత్రం మొగుడూ అత్తగారూ తనూ అన్నానికి కూర్చున్నప్పుడు, ఇవాళ క్లాసులో ఏం జరిగిందని రోజూలాగే అత్తగారు అడిగితే అంతా చెప్పింది. “హెడ్డుగారిదేముంది అత్తయ్యా, గొళ్ళెం లేని తలుపు. ఎవరు తోస్తే అటు తెరుచుకుంటాడు.”

తెల్లారేసరికి ఆ మాట వెనక బెంచీలో ఉంది. గొళ్ళెంతో సహా.

ఆవిడ అది రెండుసార్లు చదివింది. కాలేజీలో ఆ మాట ఎవరి ముందూ అనలేదు. విన్నది ఇద్దరే. మొగుడా అంటే, ఫొటో పంపమంటేనే ఫోన్ తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టే మనిషి. మిగిలింది అత్తగారు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి.

“అత్తయ్యా, మీ ఫోనొకసారి ఇవ్వండి.”

“అడిగేదేదో నోటితో అడుగు.”

“వెనక బెంచీ మీరేనా?”

“నేనే. పేరు బాగుంది కదూ?”

“మీవల్ల ఒక పిల్లను క్లాసులోంచి పంపించేశాను.”

“ఆ పిల్ల పేరు నేను చెప్పానా?” అని, గొంతు తగ్గించింది అత్తగారు. “ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊరందరి మాటలూ చెవిన పడ్డాయి. ఒక్కటీ పెదవి దాటనివ్వలేదు. ఇన్నాళ్ళకు నేనేదో అంటే నలుగురూ విని నవ్వుతున్నారు. అంతే. ఆ పిల్ల సంగతి మాత్రం తప్పేనమ్మా.”

అత్తగారు పేజీ తీసేసేదాకా ఆవిడ పక్కనే నిలబడింది. తీశాక తన ఫోన్లో వెతికి మరీ చూసుకుంది. ఇంకో పేరుతో మొదలుపెట్టదని నమ్మకమేమిటి? అడగాలనుకుని మింగేసింది.

కాలేజీకెళ్ళి హెడ్డుగారితో చెప్పింది. “రాసింది ఆ అమ్మాయి కాదు సార్. తలుపు మాట నాదే. మా ఇంట్లోంచి బయటికొచ్చింది.” ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, “పిల్లను రమ్మనండి” అన్నాడు.

గుసగుసకు అందరి ముందూ క్షమాపణ చెప్పింది. “పర్లేదు మేడమ్” అందా పిల్ల. ఆ ఫోన్లో ఏం టైపు చేసేదో ఆవిడకు చివరిదాకా తెలియలేదు. అడిగే మొహం లేదు.

కోర్సు చివర్లో ప్రాజెక్టులు దిద్దితే గుసగుసదే అన్నిటికంటే బాగుంది. మంచి మార్కులే వేసింది. మర్నాడు ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

“నాది ఇంకెవరితోనైనా కూడా దిద్దించండి మేడమ్.”

“తక్కువ వేశాననా?”

“ఎక్కువ వేశారేమోనని.”

ఆవిడ కాగితాలు పక్క టేబుల్ సార్ ముందు పెట్టింది. ఆయన దిద్దడం అయ్యేదాకా గుసగుస గుమ్మం వదల్లేదు.