పడవ దాహం తీరేదాకా

మిన్నెసోటాలో మా సరస్సు ఒడ్డున హిల్మా కంగస్ ఒక్క కేక పెడితే అవతలి ఒడ్డున బాతులు లేచిపోయేవి. మొగుడు పోయాక పడవల షెడ్డును ఆమే నడిపింది. ఇద్దరు పనివాళ్ళు, ఏడాదికి ముప్పై చెక్క పడవలు. హిల్మా నోట అవి మూడొందలు.

1958లో ఊరి మీదికి ఫైబర్ పడవలు వచ్చిపడ్డాయి. ఆమె గడప తొక్కేవాళ్ళు కరువయ్యారు. మిగిలింది ఒక్క బేరం. చేపల వేటకొచ్చేవాళ్ళకి గదులు అద్దెకిచ్చే ఆర్విల్‌కి పన్నెండు పడవలు కావాలి. అది పోతే షెడ్డుకి తాళమే.

నమూనా పడవ చూడ్డానికి శనివారం వస్తానన్న ఆర్విల్ గురువారం పొద్దున్నే ఊడిపడ్డాడు. పక్కన ఫైబర్ పడవలమ్మే క్లిఫర్డ్. చలికాలమంతా పొయ్యి పక్కన ఎండిన పడవ నీళ్ళలో నానితే గానీ చెక్క ఉబ్బదు, సందులు మూసుకోవు. హిల్మా ఇంకా నానబెట్టలేదు. అయినా రోషం కొద్దీ పడవను సరస్సులోకి తోసి ఎక్కి కూర్చుంది. క్షణంలో అది జల్లెడైపోయింది.

"పడవ చూపించమంటే స్నానాల తొట్టి చూపిస్తావేంటి హిల్మా?" అన్నాడు క్లిఫర్డ్.

"దాహమేసింది, తాగుతోంది. నీ ప్లాస్టిక్ గిన్నెకి ప్రాణముంటే కదా, దాహమెయ్యడానికి!"

"మునిగిపోతావ్, బయటికి రా" అన్నాడు ఆర్విల్.

"చెక్క మునగదయ్యా. సాయంత్రం దాకా ఆగు. ఈలోగా నేను దిగితే బేరం వాడికిచ్చుకో."

నడుం లోతు చన్నీళ్ళలో కూర్చుని కాఫీ తెప్పించుకుంది. ఊరంతా ఒడ్డున చేరింది. ఆమె ఒళ్ళోంచి మూరెడు చేప ఈదుకెళ్ళిందని ఇప్పటికీ ఒట్టేసి చెప్పేవాళ్ళున్నారు. పెదాలు నీలమయ్యాయి, నోరు మాత్రం ఆగలేదు.

పొద్దు వాలుతుంటే బకెట్ అందుకుని నీళ్ళన్నీ తోడిపోసింది. మళ్ళీ ఊరలేదు.

"ఎక్కు" అంది ఆర్విల్‌తో. నడి సరస్సు దాకా తెడ్లు వేసింది. అతను వంగి అడుగు పలకలు తడిమాడు.

"చెమ్మ తప్ప చుక్క లేదే! సరే, నీవి ఆరు, వాడివి ఆరు."

హిల్మా తెడ్లు లోపలికి లాగేసి చేతులు కట్టుకుంది.

"పన్నెండు."

"ఎనిమిది?"

"ఆకలేస్తోందా ఆర్విల్? నాకేం తొందర్లేదు. పొద్దుట్నుంచీ ఇందులోనే ఉన్నా."

గాలికి పడవ ఒడ్డుకి ఇంకా దూరం జరిగింది. ఆర్విల్ అటు చూశాడు, ఇటు చూశాడు.

"పన్నెండే, తల్లీ!"

అప్పుడు పడ్డాయి తెడ్లు నీళ్ళలో.